పిట్ట ముట్టింది

తెనాలి,
3 ఫిబ్రవరి 2025

ప్రియమైన ప్రసన్నా,

ఇరవై రెండేళ్లుగా ఒక ప్రశ్న నాతోనే కాపురం చేస్తోంది. ఆ సాయంత్రం రేపల్లెలో తెర పక్క నుంచి ఆ మాట అన్నది నేనేనా?

ఫోన్ చెయ్యొచ్చు. చేస్తే నువ్వు "చేపల బండొచ్చిందే, తర్వాత మాట్లాడతా" అంటావు. ఆ 'తర్వాత' ఇంతవరకూ రాలేదు. అందుకే ఉత్తరం.

నీకు గుర్తులేదని కాదు గానీ, వరసగా చెప్పుకుంటే తప్ప నాకు ధైర్యం రాదు. మన ఎమ్మే పూర్తయిన ఏడు వేసిన దయ్యం నాటిక, 'గడప అవతల'. రాసింది నేను, కోడలి వేషం నీది. కోడలు తిండి పెట్టక చంపిన అత్త రోజూ దీపాలవేళ గడప అవతల నిలబడి, ఇంట్లోవాళ్లని పేరుపేరునా "అన్నం తిన్నావా?" అని అడుగుతుంది. కోడల్ని మాత్రం అడగదు. భయమంతా అందులోనే. అత్త ఎక్కడా కనిపించదు. తెర పక్కన పుస్తకం పట్టుకుని మాటలు అందిస్తున్న నేనే ఆ గొంతు. రేపల్లెలో ఆ రోజు నేను రాయని మాట ఒకటి వినిపించింది. "నువ్వు తిన్నావా అమ్మా?" నువ్వు రెండు చేతులతో నోరు మూసుకుని, స్టేజి దిగి వెళ్లిపోయావు. బాపట్ల చేరేసరికి మీ అమ్మ అంకమ్మగారు లేరు. నువ్వు మళ్లీ స్టేజి ఎక్కలేదు. నేను మళ్లీ నాటిక రాయలేదు.

ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు. అనలేదని ప్రమాణం చెయ్యలేను. ఆ రోజు పొద్దుట్నుంచీ నువ్వేమీ తినలేదని మాత్రం నాకు తెలుసు.

నిరుడు మా రిబ్కా పిన్ని పోయింది. సమాధి దగ్గర పాస్టరుగారి ప్రార్థన ఎంతకీ తెమలకపోతే, మా బాబాయి కళ్లు తుడుచుకుంటూనే "ఆవిడకి ఆలస్యం గిట్టదండీ, కానివ్వండి" అన్నాడు. ఏడుస్తూ నవ్వాం. ఇంటికొచ్చి 'గడప అవతల' రెండో భాగం మొదలుపెట్టాను. ఈసారి అత్త వస్తే ఎవరూ భయపడరు. "అత్తయ్యొచ్చారు, ఫ్యాను వెయ్యండి" అంటారు. ఆవిడ పులుసుకి వంకలు పెడుతుంది. ఈ దయ్యం పోరు పడలేక పెద్దకర్మ మళ్లీ మొదటి నుంచి చేస్తారు. పిట్ట ముట్టదు. అది ముట్టే దాకా భోజనాల్లేవు, చుట్టాలేమో ఆకలికి అల్లాడిపోతుంటారు.

మా నాటక సమాజం రంగనాయకులుగారు ఏప్రిల్‌లో తెనాలి పోటీల్లో వేయిస్తామన్నారు. కోడలు నువ్వే. నువ్వు రాకపోతే ఇంకెవరితోనూ వెయ్యను. నాటిక ప్రతి ఇందులోనే పెట్టాను.

ఎప్పటికీ నీ
జ్యోత్స్న


బాపట్ల,
12 ఫిబ్రవరి

జ్యోత్స్నకి,

పదకొండో పేజీ దాకా చదివాను. "పిట్ట ఇంకా ముట్టలేదా?" అని ఒకడు అడగడం, పక్కవాడు కడుపు నిమురుకోవడం. అక్కడ ఆపేశాను.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఆ రోజు తెనాలిలో రేపల్లె బండి అందుకోవాలని నా తొందర. అమ్మ మంచంలోంచి "ఏమే, కాసిని గంజి పొయ్యి" అంది. "వచ్చాక పోస్తాలే" అని చెప్పులేసుకున్నాను. కోడలిగా ఎంత బాగా నటించానో అని అందరూ మెచ్చుకున్నారు కదా. నేను నటించలేదు జ్యోత్స్నా.

మూడో రోజు సూర్యలంక ఇసకలో పిట్టకి పెట్టాం. వండింది నేనే. గారెలు, చేపల పులుసు, అమ్మకిష్టమైన మెత్తళ్ల వేపుడు. మిట్టమధ్యాహ్నం దాకా కాళ్లు కాలుతూ నిలబడ్డాం. ముట్టలేదు. చివరికి విస్తరాకు సముద్రంలో వదిలేశాం. నా చేతి అన్నం అమ్మ వద్దంది. ఇరవై రెండేళ్లుగా నేను మోస్తున్నది అది. నీకది నవ్వులాట అయింది.

నాకిక రాయకు.

ప్రసన్నలక్ష్మి


తెనాలి,
17 ఫిబ్రవరి

ప్రసన్నా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాసి ఊరుకుంటాను.

గంజి సంగతి నాకు తెలియదు. పిట్ట ముట్టలేదనీ తెలియదు. తెలిస్తే ఆ పేజీలు రాసేదాన్నా? రాసేదాన్నేమో అని కూడా భయంగా ఉంది. నా మీద నాకున్న నమ్మకం అంతంతమాత్రమే, నీకు తెలుసు కదా.

నాటిక మానుకుంటున్నానని రంగనాయకులుగారికి చెప్పేశాను. ఆయన "మరి కోటయ్య ముక్కేం చెయ్యమంటావమ్మా?" అన్నారు. కోటయ్యని నువ్వు చూడలేదు. దుగ్గిరాల యార్డులో పసుపు బస్తాలు మోసే మనిషి, నూటపది కిలోలు. మా నాటికలో పిట్ట వేషం అతనిది. మా వేషాలు కుట్టే సుగుణమ్మగారు వారం రోజులు కూచుని గోధుమరంగు రెక్కలు, బుల్లి ముక్కు కుట్టారు. కోటయ్య కిచకిచలు కూడా నేర్చుకున్నాడు.

మా ఇళ్లల్లో ఆ తంతు లేదు. సమాధి మీద పూలు పెట్టి, ఇంటికొచ్చి కాఫీలు తాగడమే. పిండం కాకికి పెడతారని పుస్తకాల్లో చదివాను. మీ వైపు పిట్టకి పెట్టడం అంటారు కదా, మీది వేరే ఆచారం కాబోలనుకున్నాను. పోయినవాళ్లు కాకిగా కాక, చిన్న పిచ్చుకగా రావడం ఎంత సున్నితమైన ఊహ అని మురిసిపోయాను కూడా. ఆ చిట్టి పిచ్చుక కోసం నువ్వు ఎండలో ఎదురుచూడటం తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

క్షమించు.

జ్యోత్స్న


బాపట్ల,
9 మార్చి

ఒసేయ్ ప్రియమైన మొద్దూ,

పిట్ట అంటే కాకేనే! ఎమ్మే తెలుగు, ఫస్ట్ క్లాసు, ఇరవయ్యేళ్లుగా పిల్లలకి పాఠాలు! ఆ పూట 'కాకి' అనే మాట నోటితో అనలేక పిట్ట అంటారు. నీ ఇల్లు బంగారం గానూ, మా అమ్మ ఎనభై కిలోల మనిషి, పిచ్చుకలో ఎలా పడుతుందే?

నీ ఉత్తరం ఐసు పెట్టెల దగ్గర నిలబడి చదివాను. కోటయ్య కిచకిచల దగ్గరికొచ్చేసరికి నవ్వి నవ్వి కళ్ల నీళ్లు కారుతుంటే పొట్ట పట్టుకుని కింద కూలబడ్డాను. మా ఆయన శివకృష్ణ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటే, ఎవరు పోయారు?"

"మా అమ్మ."

"ఆవిడ పోయి ఇరవై ఏళ్లు దాటింది కదే!"

"ఇవాళ తెలిసింది," అన్నాను. పాపం, ఆయన నాకు మంచినీళ్లు తెచ్చి, పక్క కొట్టాయనతో ఏదో గుసగుసలాడాడు.

రెండు రోజులు ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు నవ్వాను. తర్వాత చేపలు తూకం వేయిస్తుంటే ఒక సంగతి తలలో మెరిసి, తూకం మధ్యలో వదిలేసి ఇంటికొచ్చేశాను. అది కాగితం మీద పెట్టడానికి రెండు వారాలు పట్టింది, అందుకే ఈ జవాబు ఇంత ఆలస్యం.

ఆ రోజు సూర్యలంకలో పిచ్చుకలు వచ్చాయి జ్యోత్స్నా. సరుగుడు తోపులోంచి అయిదారు, విస్తరి అంచున వాలి అన్నం మెతుకులు పొడుచుకుని తిన్నాయి. మా పోలయ్య మావయ్య "ఉష్! ఇవి లెక్కలోకి రావు" అని తువ్వాలు విసిరాడు. మళ్లీ వచ్చాయి. మళ్లీ తోలాం. నేనూ తోలాను, ఈ చేత్తోనే. కాకి కోసం ఆకాశం వంక చూస్తూ, కాళ్ల దగ్గర తింటున్న వాటిని తరిమేశాం. మా అమ్మ అన్నానికొస్తే కన్నకూతురు ఉష్ ఉష్ అని తోలిందేమోనే! అది తలుచుకుని ఏడవబోయి మళ్లీ నవ్వాను. ఎందుకంటే అమ్మ బతికుండగా ఎవరు పొమ్మన్నా పోయే రకం కాదు, కడుపు నిండే దాకా వస్తూనే ఉంటుంది. ఆ పిచ్చుకలూ అంతే. విస్తరి నీళ్లలో వదిలేసరికి ఒక పక్కంతా ఖాళీ.

ఇక నీ ప్రశ్న. ఆ మాట అన్నది నువ్వే. నాకెప్పుడూ అనుమానం లేదు. మా అమ్మ నన్ను పుట్టిన దగ్గర్నుంచీ "ఏమే" అనడమే తప్ప "అమ్మా" అన్న పాపాన పోలేదు. నేను దయ్యానికి జడిసి పారిపోలేదు. నువ్వు తిన్నావా అనేసరికి గంజి గుర్తొచ్చి పరిగెత్తాను. నువ్వా మాట అనకపోతే తెల్లారే దాకా రేపల్లెలోనే కూచునేదాన్ని. ఇక ఆ బరువు దించెయ్.

గురువారం పొద్దున బండికి తెనాలి వస్తున్నాను. పిచ్చుకని కాకిగా మార్చావో, నిన్ను చంపి నేనే పిట్టకి పెడతాను.

నీ
ప్రసన్న


తెనాలి,
14 ఏప్రిల్

నా ప్రియమైన కోడలా,

కప్పు మా ఇంట్లోనే మర్చిపోయావు. అందులో నువ్వు తిని మిగిల్చిన పులిహోర పొట్లం కూడా ఉంది. మొదటి బహుమతికి ఇంతకన్నా పెద్ద గౌరవం ఉండదు.

నువ్వు వెలుగులో ఉన్నావు, నీకు హాలు కనిపించి ఉండదు. నాకు కనిపించింది. రంగనాయకులుగారు స్వయంగా వేసిన ఆకలి మావయ్య పాత్ర "అది ముట్టకపోతే నేనే ముడతాను, నాలో మాత్రం ఆత్మ లేదా?" అనేసరికి కుర్చీలు కదిలిపోయాయి. కోటయ్య కిచకిచమంటూ దూకినప్పుడు స్టేజి చెక్కలు మూలిగాయి. చుట్టాలు "ఉష్" అని మూడుసార్లు తోలారు. అప్పుడు నువ్వు, రిహార్సల్లో నువ్వే చేర్చిన మాట అన్నావు. "ఆగండి! ఆ నడక చూడండి. పొమ్మంటే పోని మనిషి మా ఇంట్లో ఒక్కరే." కోటయ్య ముద్ద ముట్టాడు. ముందు వరసలో ముసలావిడ ఒకామె లేచి నిలబడి, కొంగు నడుముకి దోపుకుని, "ముట్టింది! పిట్ట ముట్టిందర్రా!" అని అరిచింది. ఆ చప్పట్లు ఎంతసేపు మోగాయో నువ్వు విన్నావు. అవి నాటికకి కాదు, నీకు కూడా కాదు, మీ అమ్మకి అనిపించింది నాకు. ఇరవై రెండేళ్ల తర్వాత నువ్వు స్టేజి మధ్యలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డ తీరు చూసి, ఈ జన్మకి నేను రాయాల్సింది రాశాననుకున్నాను.

బస్సెక్కిస్తూ నీతో చెప్పలేకపోయిన సంగతి ఒకటి ఉంది.

పిట్ట ముట్టాక, ఈసారీ తెర పక్క నుంచి నేనే పలికే అత్త గొంతు మొట్టమొదటిసారి కోడల్ని అడగాలి. ఈసారి ఆ మాట నేను రాసే పెట్టాను: "నువ్వు తిన్నావా అమ్మా?" సరిగ్గా అప్పుడే కోటయ్య ముక్కు ఊడి గారెలో పడింది. అతను ఏమాత్రం తొణక్కుండా రెండూ కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నాకు నవ్వాగలేదు. పైకి వినిపిస్తుందని రుమాలు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాను. కళ్లల్లో నీళ్లు. అప్పుడు వినిపించింది: "ఏమే, తిన్నావా?"

నువ్వు తల తిప్పి, నేను రాసిన జవాబు వదిలేసి, "తింటానమ్మా" అన్నావు. తెర పడింది.

నువ్వు బస్సు మెట్టు మీద నుంచి "ఈసారి భలే అన్నావే" అన్నావు. తలూపాను. కోటయ్య కూడా "మేడం, చివర్లో మాట మార్చారండి, బాగుందండి" అన్నాడు. గొంతు నాదేనట. సుగుణమ్మగారు మాత్రం ఆ గొంతు నాకన్నా కాస్త బొంగురుగా ఉందన్నారు.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ 'ఏమే' నా నోట్లో ఆడుతూనే ఉంది. అది నిజం. ఆ క్షణాన రుమాలు నా నోట్లో ఉంది. అదీ నిజమే. రుమాలు తీసి నేనే అన్నానో, అన్నాక కుక్కుకున్నానో, అసలు అననే లేదో, ప్రసన్నా, నేను తేల్చుకోలేకపోతున్నాను.

నీ
జ్యోత్స్న