ఆకలి వేయని మనవడు

మహాలక్ష్మీ సమానురాలైన అవ్వకు, బెళుగుప్పలోకెల్లా బరువైన పట్టభద్రుడు విన్నవించుకునేది.

బరువు తగ్గమని డాక్టరు వారానికో సూది రాశాడు. వేసుకుంటే ఆకలే వేయదు. నాకు ఇన్సూరెన్సు లేదు కాబట్టి, నువ్వు నాకిచ్చిపోయిన కమ్మలు అమ్మి కొన్నాను. ఇంట్లో చెప్పలేదు. కరువులో నా కడుపు నింపడానికి తాకట్టు పెట్టి, మళ్లీ కూలికి పోయి నువ్వు విడిపించుకున్న కమ్మలవి.

ఈరోజు నీ సంవత్సరీకం. నీ పేరున విస్తట్లో పెట్టిన రాగి సంగటి ఆనవాయితీగా మనవడే తినాలి. రెండు ముద్దలకే నా చెయ్యి ఆగిపోయింది.

"ఏమప్పా, అవ్వ మీద అలిగినావా?" అన్నాడు నాయన.

"కడుపు నిండింది నాయనా."

"నీకా!"

ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నువ్వుంటే నవ్వేదానివి కాదు. జ్వరమేమోనని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేదానివి.