బిందె మీద గంగామణి

అల్ మన్సూరా, దోహా
9 జనవరి 1995

పాలిష్ షాపు ఆదెప్ప గారికి,
మెహర్ సుల్తానా సలాం. మా అమ్మ జగిత్యాల నుంచి పంపిన ఇత్తడి బిందెను మా ఆయన హారిస్ పోయిన వారం మీకిచ్చారు. ముప్పై ఏళ్ల పొయ్యి మసి వదిలించి, రంజాన్ పండుగకు మెరిసేలా చేయమన్నాను. మీరు పంపింది మెరుస్తోంది. కానీ అది మా బిందె కాదు! మెడ మీద "గంగామణి" అని పేరు కొట్టి ఉంది. మా అమ్మ పేరు జీనత్. రేపటికల్లా మాది మాకు పంపండి.
ఇట్లు, కోపంతో,
మెహర్ సుల్తానా

తా.క.: ఆ గంగామణి గారెవరో పాపం, బిందె కోసం ఎక్కడ వెతుక్కుంటున్నారో!

ఇండస్ట్రియల్ ఏరియా
11 జనవరి

మెహర్ సుల్తానమ్మకు ఆదెప్ప నమస్కారాలు.
పదకొండేళ్లుగా ఇదే నా పని. ఒకరి గిన్నె ఇంకొకరికి ఇచ్చానన్న మాట ఇంతవరకు పడలేదు. మీ బిందెకు మసి తీస్తుంటే ఆ పేరు బయటపడింది. పాలిష్ చక్రానికి ఆనిస్తే అక్షరాలు అరిగిపోతాయని, అంతమేరా గుడ్డతో రుద్దాను. బొటనవేలు బొబ్బలెక్కింది. "అమ్మ మెచ్చుకుంటాదిలేప్పా" అని తోటివాళ్లతో కూడా అన్నాను. మీరేమో దొంగను చేశారు!
ఇట్లు, మనసు నొచ్చిన
ఆదెప్ప

తా.క.: మీ ఆయన ఆ బిందెలో ముఖం చూసుకుని తల దువ్వుకున్నారు. అప్పుడు మాత్రం అది మీదే.

అల్ మన్సూరా
13 జనవరి

ఆదెప్పకు,
ఈసారి సలాం లేదు. మసిలోంచి పేర్లు మొలుస్తాయా? మా ఇంట్లో గంగామణి అనే మనిషే లేదు. అమ్మకు ఉత్తరం రాశాను. జవాబు రాగానే మీ మేనేజర్ దగ్గరికి వస్తాను.
మెహర్ సుల్తానా

తా.క.: మా ఆయనకు దువ్వుకునేంత జుట్టు లేదు. ఇది నీ రెండో అబద్ధం.

ఇండస్ట్రియల్ ఏరియా
15 జనవరి

అమ్మా,
మీరు నాకు రాసిన ఉత్తరాన్ని మీ ఆయన నేరుగా మేనేజర్ చేతిలోనే పెట్టారు. మీ అమ్మగారి జవాబు వచ్చేదాకా నన్ను పాలిష్ పనికి రానివ్వడట. నేల ఊడుస్తున్నాను. ఆ జవాబేదో త్వరగా తెప్పించండి. నాకేం భయం లేదు.
ఆదెప్ప

తా.క.: ఉన్న నాలుగు వెంట్రుకలే దువ్వుకున్నారు.

అల్ మన్సూరా
8 ఫిబ్రవరి

ఆదెప్పన్నకు,
మెహర్ సలాం. నన్ను మాఫ్ చేయండి. తప్పు మాదేనని మీ మేనేజర్‌కు వేరే ఉత్తరం రాసి, హారిస్‌తోనే పంపుతున్నాను.
అమ్మ జవాబు వచ్చింది. గంగామణి మా పక్కింటావిడట. నేను పుట్టినప్పుడు నీళ్లు కాచడానికి అమ్మ ఆ బిందె అడిగి తెచ్చుకుంది, తిరిగి ఇవ్వలేదు. అమ్మ రాసింది చూడండి (ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే): "ముప్పై ఏండ్లు తోమకుంట కాపాడిన. దుబాయ్ పంపితే ఇగ పీడ పోయిందనుకున్న. నిన్నెవరు తోమించుమన్నరే?"
హారిస్ సెలవుకు వెళ్లినప్పుడు బిందెను గంగామణి గారికే ఇప్పిస్తాను.
ఇట్లు, తలదించుకుని,
మీ చెల్లెలు మెహర్

తా.క.: దానికి మళ్లీ మసి పట్టించడానికి ఎంత తీసుకుంటారో అమ్మ కనుక్కోమంది.