మాటలు లేని నీ క్యాసెట్

చివరి రోజు ఉదయం ఎడమచేతి గోళ్ళు కత్తిరించమన్నావు, తీగలు నొక్కడానికి అడ్డమని. కత్తిరించాను. మధ్యాహ్నం కాస్త గంజి తాగావు. దీపాలు పెట్టే వేళకు వెళ్ళిపోయావు.

నేటికి ఏడాది. నువ్వు వాయించిన రాక్ ఆల్బం, ఒక్క మాటా లేని ఆ గిటారు క్యాసెట్, ఇప్పుడు మద్రాసంతా మోగుతోంది. దాంతో గుడియాత్తంలో లుంగీలు అమ్మే నీ తమ్ముడికీ చెవులు మొలిచాయి. పార్టీ తుండు భుజాన వేసుకుని నిన్న వేలూరు వచ్చాడు.

“బావా, అక్క ట్యూన్ శానా బాగుండాది. మాటలొకటే తక్కువ. మా తలైవర్ మీద నాలుగు లైన్లు రాయించినా. ఎలక్షన్ బండ్లో ఏస్తే ఊరు అదిరిపోతాది.”

“మీ అక్క ఉన్నప్పుడు ఒకతూరైనా విన్నావా?”

“మాటలే లేకుంటే ఏం వినేది బావా?”

“మీ తలైవర్ పార్టీ మారితే ఏం చేస్తావప్పా?”

“మాటలు మారుస్తాం. ట్యూన్ అట్నే ఉంటాది.”

సిగ్గుపడలేదు. తెలివిగా చెప్పాననుకుని నవ్వాడు కూడా. వాడికి నీ సంగీతం ఎవరి చొక్కా అయినా తగిలించుకునే కొయ్య.

రేపు తొరపాడి స్టూడియోకి పాడేవాణ్ణి పిలిపించాడట. నీ అసలు టేపు ఇంకా అక్కడే ఉంది. పొద్దున వాళ్ళు తలుపు తీసేసరికి నేను వాకిట్లో ఉంటాను. టేపు ఇంటికి తెచ్చేస్తాను.