ఎడమవైపు కిటికీ

మార్చి 14, మంగళవారం
పడవ మీద నుంచి

అమ్మమ్మకి నమస్కారాలు. పగలంతా నానుతూ, సాయంత్రానికి ఆరుతూ నేనిక్కడ క్షేమం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మందులు వేసుకుంటున్నావా, ఎగ్గొడుతున్నావా?

పోయినవారం ఫోన్లో, ఇక్కడ మునిగి ఉన్న విమానానికి పైలట్ కిటికీ తెరిచి ఉందని చెప్పగానే నువ్వు ఫోన్ పెట్టేశావు. ఎందుకో నాకు తెలుసు. యుద్ధంలో మీ నాన్న నడిపే విమానం సముద్రంలో పడితే తోటివాళ్ళిద్దరూ ఒడ్డుకు ఈదుకొచ్చారు, ఆయన రాలేదు. ఎక్కడో తేలి ఇంకో కాపురం పెట్టాడని ఊరంతా చెవులు కొరుక్కుంది. మీ అమ్మ ఆ మాటలు పడుతూనే పోయింది. నేనేమో ఆయన అందులోంచి బయటపడ్డాడన్నట్టు కిటికీ కబురు మోసుకొచ్చి పుండు మీద కారం చల్లాను.

అయితే విను, తప్పు నాదే! ఆ విమానం అడుగున చక్రాలు పైకి పెట్టి వెల్లకిలా పడి ఉంది. నేను పైనుంచి టేపుతో కొలుస్తూ, ప్లాస్టిక్ పలక మీద పెన్సిలుతో గీస్తూ, నాకు ఎడమపక్క కనపడ్డదాన్నల్లా ఎడమ అని రాసేశాను. వారం రోజులు! నిన్న మా సర్వే మాస్టారు పలక చూసి నోరు నొక్కుకున్నారు. వంటాయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఆయన ఎడమచెయ్యి నీకు ఏ పక్కనుందమ్మా అని నన్నడిగారు. కుడిపక్కన ఉంది! కూర మాడిపోతోంది మహాప్రభో, లేవనివ్వండి అని వంటాయన ఒకటే గోల. పడవంతా నవ్వులే. నాకు తల కొట్టేసినట్టయినా, లోపల మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది.

ఎందుకంటే తెరిచి ఉన్నది తోటివాడు కూర్చునే పక్క సీటు కిటికీ. పైలట్ కూర్చునే ఎడమవైపు కిటికీ గట్టిగా మూసే ఉంది. తోక మీది నంబరు అప్పట్లో సైన్యం పంపగా నీ దగ్గరున్న కాగితంలోని నంబరుతో సరిపోయింది కాబట్టి విమానం మనదే. లోపలంతా ఇసుక. రేపు చూస్తాం. ఏమీ తేలకపోయినా బెంగపడకు.

నాకీ పని భలే హాయిగా ఉంది. నీళ్ళ కింద తొందరపెట్టేవాళ్ళుండరు.

ఉంటాను మరి.
నీ చేపపిల్ల

తా.క. అమ్మమ్మా, రేపు చూస్తామని రాసింది అబద్ధం. ఈ పొద్దుటే చూశాం. నీకెలా చెప్పాలో తెలియక ఇంతసేపూ కబుర్లతో కాలక్షేపం చేశాను. ఎడమ సీట్లో ఇసుక కాస్త తొలగించగానే బెల్టు కనిపించింది. పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉంది. అందులో ఆయన ఉన్నారు. మీ నాన్న ఎక్కడికీ పోలేదు.