వడ్ల కాంటా దగ్గర పది శ్వాసలు

ఏప్రిల్ 24, ఉదయం 6.10

ఈరోజు నుంచి నాకు కోపం రాదు!

మా ఊరి వడ్ల కొనుగోలు కేంద్రం ఈసారీ నా చేతికే వచ్చింది. కానీ పోయిన సీజన్లో నా అరుపులు విన్న మహిళా సంఘం అధ్యక్షురాలు ప్రేమలతక్క ముందే చెప్పేసింది: "ఈసారి గూడ లొల్లి జేస్తే కేంద్రం వేరేటోళ్లకు ఇస్తం సంధ్యా." అది పోతే నేను తట్టుకోలేను. ఊళ్లో నన్ను మేడం అని పిలిచేది అక్కడ ఒక్కచోటే.

జనగామ శిక్షణలో ఉపాయం నేర్పారు. ఒత్తిడి రాగానే కళ్లు మూసుకుని పది దీర్ఘశ్వాసలు. రోజూ మూడు మంచి విషయాలు రాయడం.

ఏప్రిల్ 25, సాయంత్రం 6

1. గోనె సంచులు వచ్చాయి.
2. సగం చిరిగినవే. అరవలేదు!
3. తేమ ఎక్కువుందంటే ఒక రైతు తేమ కొలిచే మిషన్‌ని తిట్టాడు. నేను చిరునవ్వు నవ్వాను. ఆయన భయపడి వడ్లు మళ్లీ ఎండబోసుకున్నాడు.

ఏప్రిల్ 27, మధ్యాహ్నం 2

వడ్లు మిల్లుకు తీసుకెళ్లే లారీ రాలేదు. పది శ్వాసలు. మిల్లువాళ్లు ఫోన్ ఎత్తలేదు. ఇంకో పది.

కౌలు పొలంలో పండించిన వడ్లన్నీ కుప్పపోసి, మూడు రోజులుగా అక్కడే పడుకుంటున్నాడు కొమురయ్య తాత. ఆయనకూ నేర్పబోయాను.

"ఊపిరి నేను దీస్కుంట గని బిడ్డా, నువ్వు జర లారీ సంగతి జూడు."

లారీ రాగానే మొదటి తూకం నీదేనని మాటిచ్చాను.

ఏప్రిల్ 28, ఉదయం 11

ఆరు శ్వాసలే. ఆరైనా శ్వాసలే కదా! మిగతా నాలుగింటికి బదులు చాయ్ తాగాను.

అదే రోజు, సాయంత్రం 5.40

నాలుగున్నరకు మబ్బు కమ్మింది. ఒక్కటంటే ఒక్క లారీ వచ్చింది. ఒత్తిడి మొదలైంది. కళ్లు మూసుకున్నాను. పదీ పూర్తిచేశాను. ఎంత హాయి! కళ్లు తెరిస్తే కాంటా మీద, తాత వెనక వరుసలో ఉన్న రైతు వెంకట్రాం సంచులు.

"ధ్యానంల ఉన్నవు గదా, లేపుడెందుకని..." అన్నాడు.

తాత తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి కుప్ప మీద కప్పుతున్నాడు. అంత కుప్పకు ఆ తువ్వాల! నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే అరుపొచ్చింది.

"దించుండ్రి! తాత వడ్లు ఎక్కినంకనే ఇంకెవ్వలియైనా!"

హమాలీలు ఉరికారు. వెంకట్రాం తన సంచులు తనే దించుకుని వాటిమీద టార్పాలిన్ పరదా కప్పాడు. తాత చివరి సంచి లారీ ఎక్కాక వాన మొదలైంది.

నా సంకల్పం ఐదో రోజుకే పోయింది.

ఏప్రిల్ 29, ఉదయం 8

ప్రేమలతక్క వచ్చింది. అడగకముందే తేమ మిషన్ ఆమె చేతిలో పెట్టాను.

"గిదేంది?"

"అరిచిన అక్కా."

"మా ఇంటిదాక ఇనొచ్చింది. లొల్లి జెయ్యద్దన్న గని, నిన్ను కండ్లు మూసుకోమన్ననా?"

మిషన్ తిరిగి నా చేతికే ఇచ్చి వెళ్లిపోయింది.

8.20

ఈరోజు మళ్లీ మొదటి రోజు. పది శ్వాసలు, కళ్లు తెరిచే.

ఒకటి. రెండు. మూడు.

వరుస దాటి వస్తున్న ఆ ట్రాక్టరు ఎవరిది?