పూజలో పెట్టిన కారు

లండన్

చెల్లె యాదమ్మకు చిన్నన్న దీవెనలు.

దగ్గుతూనే ఉన్నాను, అంటే బతికే ఉన్నాను. నీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? దేవరకొండలో వానలు పడ్డాయా? సాగర్ కట్ట ఎంతవరకు లేచింది?

దసరా వస్తే నాకు ఒక మాట గుర్తొస్తుంది. బాపు పోయిన రోజు పెద్దన్న నా చెయ్యి పట్టుకొని, బాపు క్లారినెట్ ఇక నాదేనన్నాడు. ఆ దసరాకే, నేను దానికి పసుపు కుంకుమ పెడుతుండగా, దొర గడిలో మేళం ఉందని పీట మీద నుంచి ఎత్తి తన బామ్మర్ది చేతికిచ్చాడు.

"పూజల ఉన్నదాన్ని తెల్లారేదాక ముట్టొద్దని బాపు చెప్పలేదానే అన్నా?"

"నువ్వు మళ్ల ఊదుదువు తియ్‌రా. జర ఆగరాదు."

ఆ 'మళ్ల' నాకు ఇంతవరకు రాలేదు.

బస్సులు కడిగే పనికి ముసలివాడినయ్యానని ఇంటికి పంపేశారు. ఇప్పుడొక జాజ్ మేళానికి కారు నడుపుతున్నాను. జాజ్ అమెరికా నల్లవాళ్ల సంగీతం. ఇక్కడి తెల్లపిల్లలు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఏ నేలమాళిగలో చూసినా అదే మోత. పాత పద్ధతి వాళ్లు కొత్త పద్ధతి వాళ్ల ముఖం చూడరు. కొత్తవాళ్లు చీకట్లో కూడా నల్లద్దాలు తియ్యరు. గ్రంథాలయంలో పత్రిక తెరిస్తే సగం ఈ తిట్లే. ఇంత చదివి, చివరికి వీళ్ల సామాను మొయ్యడానికి మిగిలాను.

కారు మన బియ్యం సందూకంత ఉంటుంది. వెనక తలుపు సందూకు మూతలాగే పైకి లేస్తుంది. మనిషి కంటే ఎత్తైన ఫిడేలు ఒకటుంది, డబుల్ బేస్ అంటారు. దాన్ని లోపలికి తోస్తే మెడ వచ్చి నా భుజం మీద వాలుతుంది. కట్టుకున్నది కూడా ఎన్నడూ అట్లా వాలలేదు. వాన పడితే మూత సందులోంచి నా వీపు తడుస్తుంది. తిండికి రోజూ ఉడికిన ఆలుగడ్డే. ఇంత కారం, చింతపండు పంపు.

మొన్న దసరాకు కారు కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచాను. లోపలి వాయిద్యాలకూ బొట్టు పెట్టి తాళం వేశాను. ఆ రాత్రి కచేరీ ఉందో లేదో అడగాలన్న ఆలోచనే రాలేదు.

సాయంత్రం మేళం పెద్ద ఆర్థర్ వచ్చి మండిపడ్డాడు.

"తాళం తియ్!"

"తెల్లారినంక తీస్త."

"ఇది కారా, గుడా?"

"ఇయ్యాల రెండూ."

వెనకాల మార్గరెట్ నిలబడి ఉంది. క్లారినెట్ ఆమెదే. ఆడదని ఏళ్ల తరబడి ఏ మేళమూ రానివ్వలేదు. పెద్ద క్లబ్బులో వాయించడం ఆమెకు ఆ రాత్రే మొదలు. ఆమె కేకలు వెయ్యలేదు. "పోనీలే రామయ్యా, మళ్లీ ఎప్పుడైనా వాయిస్తాను" అని మెట్ల మీద కూలబడింది.

ఆ మాట వినలేకపోయాను. తాళం తీశాను. నిమ్మకాయలు తొక్కించుకుంటూ పోయాం. ఆమె ఊదుతుంటే పాతవాళ్లూ కొత్తవాళ్లూ తిట్టుకోవడం మరిచిపోయారు. క్లారినెట్ మీద నా కుంకుమబొట్టు అట్లాగే ఉంది.

పూజలోంచి ఎత్తాడని పెద్దన్నను ఇన్నేళ్లు తిట్టాను. ఆ ఒక్క తిట్టు వెనక్కి తీసుకుంటున్నాను, నేనూ అదే చేశాను గనక. కానీ నేను ఊదడం వచ్చిన మనిషికిచ్చాను. ఆయన బామ్మర్దికి ఊపిరి పట్టడం కూడా రాదు. నాకు ఊదడం వచ్చని ఆయనకు తెలుసు. తెలిసే ఇచ్చాడు.

బావకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. పోశమ్మకు మొక్కేటప్పుడు నా పేరు కూడా తలుచుకో.

నీ చిన్నన్న
రామయ్య

ఈ ఉత్తరం పెద్దన్న పక్కన కూర్చొని చదువు. చెవుడొచ్చిందని రాశావు కదా, నా బతుకు ఇట్లా చేసిందెవరని అడిగితే ఆయన పేరే గట్టిగా చెప్పు: నర్సయ్య.