మీరు పంపమన్న నవల

ఆళ్లగడ్డ,
20-8-1957.

నంద్యాలలో మిల్లు గదిలో ఉన్న మా వారికి కమలాక్షి నమస్కరించి రాసేది. ఇక్కడ మామగారు, అత్తమ్మ, ఆవు, దూడ అందరూ క్షేమం. నేను మటుకు క్షేమంగా లేను, కోపంగా ఉన్నాను. మీ క్షేమం అడగనక్కర లేదు. నాలుగు పేజీల ఉత్తరం నిండా మీ సంతోషమే ఉంది.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. మీరు పంపిన తైలం అత్తమ్మ మోకాళ్లకు రోజూ పూస్తున్నాను. ఆ వాసనకు ఇంట్లో ఎవరూ నిలవలేకపోతున్నాం గానీ నొప్పి కాస్త నెమ్మదించిందంటోంది. మొన్నటి వానకు వంటింటి మిద్దె కారింది. మిద్దె పనులు చేసే మోషే వచ్చి కొత్తగా చవుడు మట్టి పోసి తొక్కి పోయాడు, ఇప్పుడు చుక్క రావడం లేదు. మామగారు అంగడి మానుకోమంటే వినడం లేదు, మీరే ఒక మాట రాయండి. మీ గొడుగు ఎక్కడా పోలేదు, దూలానికే వేలాడుతోంది. వరలక్ష్మీ వ్రతానికి వచ్చి ఉంటే మీరే తీసుకుపోయేవారు.

ఇక ఆ నవల సంగతి. ‘లింగమ్మ పాట’ను వెంటనే బస్సు కండక్టరు పుల్లయ్య చేతికిచ్చి పంపమన్నారు. లైబ్రరీలో అందరూ దాని కోసమే అడుగుతున్నారన్నారు. ఉమామహేశ్వరమ్మ టీచరుగారు మిల్లుకే మనిషిని పంపారన్నారు. రాసిందెవరో, అచ్చు వేసిందెవరో కూడా తెలపమన్నారు. అన్నీ చెబుతాను. అంతకు ముందు నేను చెప్పాల్సింది కొంత ఉంది. ఈ ఉత్తరం మటుకు తలుపు వేసుకుని ఒక్కరే చదువుకోండి. నా ఉత్తరాలు నలుగురికీ వినిపించే అలవాటు మీకుందని నాకు తెలిసింది.

ఆషాఢంలో సరస్వతమ్మ వదిన నంద్యాల నుంచి అహోబిలం పోతూ మన ఇంట్లో రెండు రోజులుంది. మీ పెద్దమ్మ కూతురు కదా, మీరంటే ఆమెకు ప్రాణం. చేతిసంచి ఇంకా కింద పెట్టనే లేదు, మొదలుపెట్టింది.

“ఏం కమలాక్షీ, అదృష్టమంటే నీదే. మా బాలసుబ్బడు ఇంత తెలివిగల్లోడని మాకెవరికీ తెలీదు. నెలకొకసారి లైబ్రరీలో అందరూ జేరి, ఇప్పుడు ఏం నవల చదువుతాండారో ఒక్కొక్కరే లేచి చెప్తారు గదా. మావోడు లేసినాడంటే ఒక్కరు దగ్గను గూడా దగ్గరు!”

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆమెకు కాఫీ ఇచ్చి, “ఏం చెప్పినారు వదినా?” అని ఎదురుగా కూర్చున్నాను.

“ఎవురో జమీందారు కొడుకు కథ. ‘ఈ నాయకుడు ముదురు కందిబేడల మాదిరి. ఎంతసేపు ఎసట్లో ఉన్నా ఉడకడు. ఆ పిల్ల కట్టెలన్నీ ఊరికే కాలిపోయినాయి’ అన్యాడు. ఆడోళ్లమంతా కొంగు అడ్డం పెట్టుకోని నగినాం. మొగోనికి వంటింటి సంగతులు యాడ తెలిసినాయప్పా అని ఉమామహేశ్వరమ్మ టీచరు అడిగింది. ‘నవల చదవల్లంటే వంటింటి కన్ను ఉండల్ల’ అన్యాడు మావోడు. ఇంగ జూడు, చప్పట్లే చప్పట్లు!”

కందిబేడల మాట నాది. ఉగాదికి ముందు మీకు రాసిన ఉత్తరంలోది. ఆ రోజు నిజంగానే పప్పు ఉడక్క, కట్టెలు అయిపోయి, కళ్లు మండుతుంటే రాసిన మాట అది. వంటింటి కన్ను కూడా నాదే. పోపుల డబ్బా ఏ గూట్లో ఉంటుందో తెలియని మీకు ఆ కన్ను ఎప్పుడొచ్చింది?

వదిన చెప్పుకుంటూ పోతోంది. అన్నీ నా మాటలే. నేను నవ్విన చోట మీరు నవ్వించారు, నేను తిట్టినవాళ్లను మీరు తిట్టారు. చివరికి ఉండబట్టలేక, “ఇంట్లో వాళ్లు కూడా చదువుతారని చెప్పినారా?” అని అడిగాను.

“ఆ, అడిగినారు. ‘మా ఇంటామెకు వంట, పూజ తప్ప ఏమీ తెలీదు, మంచి మనిషి’ అని చెప్పినాడు” అంది, నాకేదో మెచ్చుకోలు మోసుకొచ్చినట్టు.

మంచి మనిషిని! ఆ మాటకు నా ఒళ్లు మండిన మంట ఈ రోజుకీ చల్లారలేదు. తిట్టి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు.

పెళ్లైన కొత్తలో ఈ ఏర్పాటు చేసింది ఎవరు? మీరే. మీకు నంద్యాలలో ఇల్లు దొరికేదాకా నేను ఇక్కడే ఉండాల్సి వచ్చిందని ఏడుస్తుంటే, “ఇద్దరం ఒకే పుస్తకం చదువుదాం కమలాక్షీ, అప్పుడు దూరం ఉన్నట్టే ఉండదు” అన్నారు. ఎంత బాగుందనుకున్నాను ఆ మాట! పక్కింటి రామసుబ్బమ్మ వాళ్ల ఆయన బడిపంతులు కాబట్టి ఆమె చేత పుస్తకాలు తెప్పించుకున్నాను. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక చదివి, బస్సులో మీకు పంపాను. నాకు బాగా నచ్చిన చోట ఒక వేపాకు పెట్టి, ఇది తప్పకుండా చదవండి అని రాశాను. మీరు “నువ్వన్నది అక్షరాలా నిజం” అని జవాబు రాస్తే, నన్ను అర్థం చేసుకునే మనిషి ఒకరున్నారని పొంగిపోయాను.

వదిన వెళ్లాక, మీ దగ్గర నుంచి తిరిగొచ్చిన పుస్తకం ఒకటి ఇంట్లో ఉంటే తీసి చూశాను. ఆకు పెట్టిన చోటే ఉంది. ఎండి, కాగితానికి అంటుకుపోయి, కదిపితే పొడిపొడిగా రాలింది. ఆ పేజీ దగ్గర నేను ఎంత ఏడ్చానో మీకు రాశాను. మీరు ఆ పేజీ తెరవనే లేదు. నా ఉత్తరం ఉండగా పుస్తకం ఎందుకు అనుకున్నారు. మీకు పుస్తకమూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. సభలో చెప్పడానికి నాలుగు మంచి మాటలు కావాలి, అంతే.

మీకు తెలుసో లేదో, ఇక్కడ నాతో ఇట్లాంటి మాటలు మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు. రామసుబ్బమ్మకు పిల్లలతోనే సరి. నేను మాట్లాడిందంతా మీతోనే, కాగితం మీదనే. అవి సభకు రాసిన ఉపన్యాసాలు కావు. నా మొగుడితో నేను చెప్పుకున్న కబుర్లు. సభలో చెప్పడం తప్పని నేననను. “మా ఆమె ఇట్లా అంది” అని ఒక్క ముక్క ముందు తగిలించి ఉంటే, నేను ఈ ఊరంతా తల ఎత్తుకుని తిరిగేదాన్ని.

ఆ రోజు నా కోపమంతా గిన్నెల మీద చూపిస్తుంటే అత్తమ్మ లోపలికి వచ్చింది.

“ఏందమ్మీ ఆ మోత? గిన్నెలేం పాపం జేసినాయి?”

దాచకుండా చెప్పేశాను. మీ మీద చాడీలు చెబుతున్నానని అనుకుంటుందేమోనని భయపడుతూనే చెప్పాను. ఆమె అంతా విని తేలిగ్గా తీసిపారేసింది. “దానికేముంది? నీ మాటలు నీ మొగుడే గదా చెప్పుకున్యాడు. పరాయోడు గాదు గదా.”

విస్తరి వేసి అన్నం వడ్డించాను. నాలుగు ముద్దలు తిన్నాక ఆమె చెయ్యి ఆగిపోయింది. విస్తరిలో ఉన్న గోంగూర తొక్కు వైపే చూస్తూ కూర్చుంది.

“అమ్మీ, మీ మామ అంగట్లో కూచోని, ఈ తొక్కు నేనే నూరినా, మా ఆడదానికి చాతగాదు అని పదిమందికి చెప్పింటే, ఆ రోలు దీస్కపోయి బాయిలో ఏసిందును” అంది. తర్వాత, “వాన్ని రానీ చెప్తా” అంది. మీ అమ్మ ఇప్పుడు నా పక్కనే ఉందని తెలుసుకోండి.

సరే, మీరు పంపమన్న నవల దగ్గరికి వస్తాను.

అట్లాంటి నవల లేదు.

వదినను బస్సెక్కించిన మర్నాడే ఎప్పటిలాగే కూర్చుని మీకు ఉత్తరం రాశాను. ‘లింగమ్మ పాట’ అనే నవల చదువుతున్నాననీ, అట్ట చిరిగి రాసినవాళ్ల పేరు కనిపించలేదనీ, రామసుబ్బమ్మ అడిగితే మధ్యలోనే ఇచ్చేశాననీ, మళ్లీ చేతికొచ్చాక పంపుతాననీ రాశాను. అంతా అబద్ధం. లింగమ్మను పుట్టించింది నేను. ఆమె చేత రోటి దగ్గర పాటలు కట్టించింది నేను. ఆమె మొగుడు గుమ్మం అవతల నిలబడి ఆ పాటలు విని, భజన గుంపులో పాడి, ఆఖరి చరణంలో తన పేరు చేర్చుకుంటాడే, అదీ నేనే రాశాను. ఊరి జనమంతా అతన్ని పల్లకీ ఎక్కించబోతుంటే, లింగమ్మ జనంలో నిలబడి తన పాట తానే వింటుంది. అక్కడ ఆపేశాను.

ఎందుకు రాశానో కూడా చెబుతాను. చదివితే మీకు తగులుతుందనుకున్నాను. సిగ్గుపడి ఒక్క మాటైనా రాస్తారనుకున్నాను. ఒకవేళ తగలకుండా సభలో చెబితే, లేని నవలను మెచ్చుకున్నందుకు నలుగురి ముందూ తల దించుకోవాలని కూడా కోరుకున్నాను. అది మంచి బుద్ధి కాదని తెలుసు. కోరుకున్నాను, అంతే.

మీకు తగల్లేదు. లేచి కథంతా చెప్పారు. ఇంకా ఏం చేశారో మీ ఉత్తరంలో మీ చేత్తోనే రాశారు. “లింగమ్మ భర్త మీద సభంతా మండిపడింది. ఇంతకంటే నీచుడు ఉంటాడా అని నేను కూడా అన్నాను” అని. ఇది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లింగమ్మ మొగుడు ఎవరో మీకు ఒక్క క్షణమైనా తట్టలేదా? ఆ మాటలు మీ నోట్లోంచి వస్తున్నప్పుడు మీ నాలుకకైనా తెలియలేదా?

ఆ కిందనే ఇంకో వాక్యం రాశారు. పల్లకీ దగ్గర లింగమ్మ నిలబడిన ఘట్టం చెబుతుంటే ఉమామహేశ్వరమ్మ టీచరుగారు కళ్లు తుడుచుకున్నారని. ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్క లేదు. నేను ఎన్నడూ చూడని ఒక చదువుకున్న మనిషి నేను కల్పించిన కథకు ఏడ్చింది. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించింది, వెంటనే కడుపు రగిలింది. మిమ్మల్ని పట్టుకోవాలని పన్నిన ఉపాయంలో నా మొట్టమొదటి కథ కూడా మీ నోటి గుండానే వెళ్లిపోయింది. ఆమె చూసింది మిమ్మల్ని. మెచ్చుకుంది మిమ్మల్ని.

ఉత్తరం చివర, జాగా చాలక మూలకు ఇరికించి అడిగారు: “చివరికి లింగమ్మ ఏం చేసింది? పుస్తకం వచ్చేలోగా నువ్వైనా రాయి. అదే ఆలోచనగా ఉంది.” ఇన్నేళ్లలో ఒక నవల గురించి మీ అంతట మీరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. చూడగానే మనసు కొంచెం మెత్తబడిన మాట నిజం. అయినా రాయను.

సెప్టెంబరు ఒకటో తేదీ ఆదివారం, మీ లైబ్రరీ సభ రోజు. ఆ పొద్దుటి బస్సుకు అత్తమ్మా నేనూ నంద్యాల వస్తున్నాం. ఆ రోజుకు మోకాళ్ల నొప్పి ఉండదట, ఆమే చెప్పింది. మామగారితోనూ ఆమే మాట్లాడింది. వదిన ఇంట్లో దిగి, సాయంత్రం ఆమెతో పాటు లైబ్రరీకి వచ్చి ఆడవాళ్ల వరుసలో కూర్చుంటాం. మీ గొడుగు తెస్తున్నాను. మా కోసం బస్సు దగ్గరికి రావద్దు, ముందే నన్ను బతిమాలవద్దు.

మీరు ఎప్పటిలాగే లేవండి. నవల ఎక్కడ, రాసిందెవరు అని అందరూ అడుగుతారు. టీచరుగారు ముందు అడుగుతారు. మీరు ఏం చెబుతారో విన్నాక ఆఖరి ప్రకరణం రాస్తాను. లింగమ్మ మొగుడు ఆ పల్లకీ ఎక్కి కూర్చున్నాడో, లేక కిందికి దిగి జనంలో ఉన్న పెళ్లాం వైపు చెయ్యి చూపించాడో నాకూ ఇంకా తెలియదు.

ఇట్లు,
వంట, పూజ తప్ప ఏమీ తెలియని
మీ భార్య,
కమలాక్షి.